తిరగని పంకా – మన విజ్ఞాన విద్య

శాస్త్రం మన విద్యార్థులకు ఎంతవరకు వంటబట్టినదో చెప్పడానికి పరీక్షా ఫలితాల పట్టిక ఒక్కటే చాలదు. ఇంట్లో ఒక యంత్రం ఆగిపోయిన నాడు దాని ముందు చదువుకున్న పిల్లలు ఏ విధంగా నిలబడతారో చూసిన తరువాతనే అసలు సంగతి బోధపడుతుంది.

హైదరాబాదు వేసవిలో ఇట్టి సందర్భం ప్రతి పేటలోనూ ఎదురవుతున్నది. ఏప్రిల్ నెలాఖరు. మధ్యాహ్నం రెండు గంటలు. గదిలోని ఎయిర్ కండిషనర్ గాలి విసురుతూనే ఉన్నది గాని ఆ గాలిలో చల్లదనం లేదు. మేడ మీదకు వెళ్లి చూస్తే గోడకు బిగించిన బయటి పెట్టెలో పంకా కదలకుండా నిలిచి ఉన్నది. ఇంట్లో బి.ఎస్సీ. చదువుతున్న కుమారుడో కుమార్తెయో ఉన్నారు. కెపాసిటర్‌ను గురించి పది మార్కుల ప్రశ్నకు నాలుగు పుటలు వ్రాయగలవారే. అయినప్పటికీ వచ్చిన మెకానిక్ “గ్యాస్ అయిపోయింది” అంటే గ్యాస్ అనీ, “కంప్రెసర్ కాలిపోయింది” అంటే కంప్రెసర్ అనీ ఇంటిల్లిపాదీ తల ఊపుతారు. ఆ నాలుగు పుటలకూ ఈ పెట్టెకూ సంబంధం ఉన్నదన్న ఆలోచన ఎవరికీ రాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బయటి పంకా ఎందుకు తిరగడం లేదో ఊహించడానికి కావలసిన జ్ఞానంలో అధిక భాగం మన పాఠ్యపుస్తకాలలోనే ఉన్నది. దానిని పుస్తకంలోనే ఉంచి అట్ట మూసివేయడం మన బోధనా విధానంలోని లోపం. ఈ లోపాన్ని సరిదిద్దడం మన కళాశాలకు అసాధ్యమేమీ కాదు.

ముందుగా ఆ పంకా చేసే పని ఏమిటో చూద్దాం. ఎయిర్ కండిషనర్ చలిని పుట్టించదు. గదిలోని వేడిని మోసుకొనిపోయి వెలుపల పారబోస్తుంది. మనం “ఒకటిన్నర టన్ను” అని పిలిచే యంత్రం గంటకు 18,000 బి.టి.యు., అనగా సుమారు 5.3 కిలోవాట్ల వేడిని గది నుండి లాగుతుంది. (ఈ టన్ను యంత్రం బరువు కాదు. 2,000 పౌనుల మంచుగడ్డ 24 గంటలలో కరగడానికి పట్టే వేడిని బట్టి వచ్చిన పాత కొలత. మంచుగడ్డల వ్యాపారం పోయినా మాట మిగిలినది.) కంప్రెసర్ వినియోగించుకొనే ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తు కూడా చివరకు వేడిగా మారి దీనికి తోడవుతుంది. మొత్తం మీద దాదాపు ఏడు కిలోవాట్ల వేడి బయటి పెట్టెలోని గొట్టాలలోకి వచ్చి చేరుతున్నది. ఏడు విద్యుత్ హీటర్లు ఒకేసారి వెలుగుతున్నట్లు ఊహించుకొనవచ్చును. ఆ వేడిని ఎప్పటికప్పుడు గాలికి అప్పగించేది ఈ పంకాయే. అది నిలిచిపోతే గొట్టాలలో పీడనం పెరుగుతుంది, కంప్రెసర్ మితిమీరి వేడెక్కుతుంది, దాని రక్షణ సాధనం దానిని ఆపివేస్తుంది. కొంతసేపటికి చల్లబడి మరల మొదలవుతుంది, మరల ఆగుతుంది. పంకా పోయిన యంత్రాన్ని “ఎట్లాగో నడుస్తున్నది గదా” అని రోజుల తరబడి నడిపించేవారు వందల రూపాయలలో తీరే మరమ్మతును వేల రూపాయల మరమ్మతుగా మార్చుకొంటున్నారు. పంకా తిరగకపోతే యంత్రాన్ని వెంటనే ఆపవలెను. తక్కిన మాటలన్నీ ఆ తరువాతివి.

అయితే నిలిచిన ప్రతి పంకా చెడిపోయిన పంకా కాదు. గది మనం కోరిన ఉష్ణోగ్రతకు చేరినప్పుడు సాధారణ యంత్రాలలో కంప్రెసర్‌తో పాటు బయటి పంకా కూడా ఆగుతుంది. కరెంటు పోయి వచ్చిన తరువాత సుమారు మూడు నిమిషాల పాటు బయటి భాగం మొదలు కాకపోవడం కూడా యంత్రంలో కావాలని పెట్టిన ఏర్పాటే. కనుక రిమోటులో ఉష్ణోగ్రతను గదికన్న బాగా తక్కువకు దించి, అది చల్లబరచే స్థితిలోనే ఉన్నదా లేదా అని చూచి, ఐదు నిమిషాలు ఓపిక పట్టడం మొదటి పరీక్ష. దీనికి ఏ పరికరమూ అవసరం లేదు. ఎం.సి.బి. పడిపోయి ఉన్నదేమో చూడడం రెండవది. ఒకసారి పైకెత్తిన తరువాత మరల పడిపోతే మూడవసారి ఎత్తరాదు. లోపల ఎక్కడో తీగలు కలిసిపోయినవని అది చెబుతున్నది.

ఇక మూడవది వినడం. ఈ పరీక్ష నాకు మిక్కిలి ఇష్టమైనది, ఎందుకంటే వైద్యుడు రోగి గుండె విన్నట్లే ఇక్కడ యంత్రాన్ని వినవలసి ఉంటుంది. బయటి పెట్టె పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్నదా? అయితే దానికి విద్యుత్తే అందడం లేదు. లోపలి భాగంలోని రిలే, రెండు పెట్టెలను కలిపే తీగ, ఆ తీగ బిగింపులు అనుమానించదగినవి. ఎలుక కొరికిన తీగ, బల్లి పడి కాలిన పలక మన ఇళ్లలో వింతలేమీ కావు. కంప్రెసర్ మ్రోగుతున్నది, పంకా మాత్రం కదలడం లేదా? అప్పుడు విద్యుత్తు పెట్టె దాకా వచ్చినది, లోపం పంకా వైపున ఉన్నది. పంకా మోటారు దగ్గర సన్నని గుంయ్‌మనే శబ్దం వినిపిస్తున్నదా? అది తిరగాలని ప్రయత్నించి తిరగలేకపోతున్న మోటారు మూలుగు. ఇట్లా మూలిగే మోటారు విషయంలో మొదట అనుమానించవలసినది కెపాసిటర్‌ను.

ఎందుకని? ఇక్కడనే మన పాఠం పనికివస్తుంది. ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజు ఏకాంతర విద్యుత్తు ఒక తీగచుట్టలో పుట్టించే అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది, తరుగుతుంది, దిశ మార్చుకొంటుంది, కాని చుట్టూ తిరగదు. నిశ్చలంగా ఉన్న మోటారు ఇరుసును అది రెండు వైపులకూ సమానంగా లాగుతుంది. ఊయలను ముందు నుండి ఒకరు, వెనుక నుండి ఒకరు ఒకే బలంతో నెట్టినట్లు ఇరుసు అక్కడే కంపిస్తూ ఉండిపోతుంది. దానిని కదిలించాలంటే రెండవ తీగచుట్ట ఉండవలెను, అందులోని ప్రవాహం మొదటి దానితో పోల్చినప్పుడు దశలో ముందుండవలెను. కెపాసిటర్ చేసే పని ఆ దశాభేదాన్ని కల్పించడమే. రెండు ప్రవాహాల నడుమ దాదాపు 90 డిగ్రీల భేదం ఏర్పడితే క్షేత్రం చుట్టూ తిరుగుతుంది, ఇరుసు దాని వెంట పరుగెత్తుతుంది. తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని గురించి ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా విడివిడిగా లోకానికి వెల్లడించినది 1888లో. ఆ భావమే ఈనాడు మన మేడ మీది పెట్టెలో అరచేతిలో ఇమిడే తెల్లని డబ్బా రూపంలో కూర్చొని ఉన్నది.

మన ఇంటి సీలింగు పంకాలోనూ ఇదే ఉన్నది. వేసవిలో నీరసంగా తిరిగే సీలింగు పంకాకు 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మార్చగానే అది చురుకుగా తిరగడం అందరూ చూచినదే. ఎయిర్ కండిషనర్ బయటి పంకా కెపాసిటర్ కూడా అదే వరుసలోని చిన్న వస్తువు. కంప్రెసర్‌కు ఉండేది మాత్రం పెద్దది, 25 నుండి 50 మైక్రోఫారడ్ల దాకా ఉంటుంది. కొన్ని నమూనాలలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. దీని లోపల పలుచని ప్లాస్టిక్ పొర మీద ఇంకా పలుచని లోహపు పూత ఉంటుంది. ఎండ, పెట్టెలోని వేడి, వోల్టేజీ హెచ్చుతగ్గులు ఆ పూతను కొద్దికొద్దిగా తినివేస్తాయి. పైకి ఉబ్బిన డబ్బాను చూడగానే గుర్తించవచ్చును. ఉబ్బకుండానే బలహీనపడినదానిని మాత్రం మీటరుతో కొలవవలసిందే. డబ్బా మీద 2.5, దాని ప్రక్కన ఐదు శాతం హెచ్చుతగ్గు అని వ్రాసి ఉండగా మీటరు 1.6 చూపితే ఇక తర్కం అనవసరం. మార్చేటప్పుడు అదే మైక్రోఫారడ్లు, అదే వోల్టేజీ లేదా అంతకన్న హెచ్చు వోల్టేజీ గలదానిని వేయవలెను. “పెద్దది వేస్తే బలంగా తిరుగుతుంది” అన్నది బజారులో వినవచ్చే మాట. ఇది తప్పు. కొలతకు మించిన కెపాసిటర్ రెండవ తీగచుట్టలో మితిమీరిన ప్రవాహాన్ని పంపి మోటారును కాల్చివేయగలదు.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక చిక్కును ప్రస్తావించకుండా ఉండలేను. మన మెకానిక్కులు కెపాసిటర్‌ను “కండెన్సర్” అంటారు. తప్పేమీ కాదు, పాత భౌతికశాస్త్ర గ్రంథాలలో దాని పేరు అదే. కాని ఎయిర్ కండిషనర్‌లో వేడి వాయువు ద్రవంగా మారే పెద్ద గొట్టాల చట్రం పేరు కూడా కండెన్సరే. ఒకటి వందల రూపాయల వస్తువు, రెండవది వేల రూపాయల వస్తువు. “కండెన్సర్ పోయింది” అన్న మాట విని దేనికి ఎంత చెల్లిస్తున్నారో తెలియక చెల్లించే గృహస్థులు ఎందరో! ఏ కండెన్సర్ అని అడగగలిగినంత చదువు ఇంట్లో ఒకరికి ఉంటే చాలును. శాస్త్ర పదాలను మాతృభాషలోకి తేవాలన్న తపన ఈ నగరానికి కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా 1917లో వెలసినది, తెలుగు అకాడమీ 1968లో ఏర్పడినది. ఆ సంస్థలు గ్రంథాలకు పదాలను కూర్చినవి. కార్ఖానాలో వాడే మాటకు, తరగతిలో వాడే మాటకు మధ్య వంతెన వేసే పని మాత్రం నేటికీ మిగిలే ఉన్నది.

కెపాసిటర్ బాగుండి కూడా పంకా తిరగకపోవచ్చును. విద్యుత్తు పూర్తిగా ఆపి పంకా రెక్కను చేతితో త్రిప్పితే అది తేలికగా రెండు మూడు చుట్లు తిరిగి ఆగవలెను. బిగుసుకొని ఉంటే బేరింగు తుప్పు పట్టినదని, అటూ ఇటూ ఊగితే అరిగినదని అర్థం. పావురాల గూటి పుల్లలు రెక్కకు అడ్డుపడి ఉండవచ్చును. మన నగరంలో ఇది హాస్యానికి చెప్పే మాట కాదు. కాలిన వాసన వస్తే మోటారు తీగచుట్ట పోయినట్లే. ఒక్కొక్కప్పుడు మోటారు లోపలి ఉష్ణ రక్షణ తెగి, చల్లబడిన తరువాత తిరిగి కలుస్తుంది. ఉదయం తిరిగి మధ్యాహ్నం ఆగే పంకా కథ తరచుగా ఇదే. వోల్టేజీ తగ్గినా పంకా మొరాయిస్తుంది. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది గనుక 230 ఉండవలసిన చోట 180 మాత్రమే ఉంటే బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. వేసవి సాయంత్రం వీధి వీధంతా యంత్రాలు నడుస్తున్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకొనదగినది.

ఇన్వర్టర్ రకం యంత్రాలలో కథ వేరు. పలు నమూనాలలో పంకాకు ఈ కెపాసిటర్ ఉండదు. ఏకముఖ విద్యుత్తుతో నడిచే బ్రష్షులు లేని మోటారును ఎలక్ట్రానిక్ పలక నడుపుతుంది. పంకా అవసరాన్ని బట్టి మెల్లగా తిరగడమూ అందులో సహజమే. లోపం ఉంటే లోపలి భాగం మీద ఒక అక్షరమో అంకెయో వెలుగుతుంది. దానిని కాగితం మీద వ్రాసుకొని మెకానిక్‌కు చెప్పడమే గృహస్థు చేయదగినది. ఆ పలకను ఇంట్లో విప్పరాదు. ఆపిన తరువాత కూడా మూడు వందల వోల్టులకు పైబడిన ఆవేశం అందులో కొంతసేపు నిలిచి ఉంటుంది.

ప్రమాదాన్ని గురించి చెప్పకుండా ఈ విషయం చెప్పడం బాధ్యతారాహిత్యం అవుతుంది. రిమోటుతో ఆపడం ఆపడం కాదు, ఎం.సి.బి. దించడమే ఆపడం. తరువాత కూడా కెపాసిటర్ ఆవేశాన్ని దాచుకొని ఉండవచ్చును. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 325 వోల్టుల వద్ద సుమారు 2.6 జౌళ్ల శక్తిని నిలువ ఉంచుకొంటుంది. మనిషి ఉలిక్కిపడి మేడ అంచు నుండి జారడానికి అది చాలును. స్క్రూడ్రైవరుతో రెండు కొనలనూ కలిపి నిప్పురవ్వలు రప్పించడం కొందరికి వీరత్వంగా కనిపిస్తుంది. 20,000 ఓముల నిరోధాన్ని ఐదు సెకండ్ల పాటు ఆనిస్తే చాలును. కాలస్థిరాంకం ఒక సెకండు గనుక ఆవేశం ఒక శాతం కన్న తక్కువకు దిగిపోతుంది, ఆ తరువాత మీటరుతో సరిచూసుకొనవచ్చును. ఇది మన విద్యార్థులు పరీక్షలో వేసే లెక్కే! పుల్లతో పంకాను నెట్టి చూచే పద్ధతి కూడా ఉన్నది. నెట్టగానే తిరగడం మొదలుపెడితే కెపాసిటర్ మీద అనుమానం బలపడుతుంది, నిజమే; కాని విద్యుత్తు ఉన్న యంత్రంలో పుల్ల పెట్టడం అనుభవజ్ఞుడు కూడా ఆలోచించి చేయవలసిన పని. ఇంట్లో ఎవరూ చేయరాదని నా నిశ్చితాభిప్రాయం. చూడడం, వినడం, ఎం.సి.బి. దించడం ఇంటివారి హద్దు. మూత విప్పడం నేర్చినవాని పని.

ఆ నేర్చినవారిని గురించి రెండు మాటలు. కారణం వెదకక ముందే గ్యాస్ మాట ఎత్తే మెకానిక్కులు ఉన్నారు. గ్యాస్ దీపంలోని నూనె వలె ఖర్చు అయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం, కారే చోటు మూయకుండా నింపడం చిల్లికుండలో నీరు పోయడమే. పంకా తిరగని యంత్రానికి గ్యాస్ నింపడం అంతకన్న అవివేకం, ఎందుకంటే అక్కడ పీడనం ముందే హెచ్చుగా ఉన్నది. అయినప్పటికీ వారిని నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. లోపం కనిపెట్టిన బుద్ధికి మనం వెల కట్టడం లేదు, మార్చిన వస్తువుకే కడుతున్నాము. పది నిమిషాలు ఆలోచించి చిన్న డబ్బా మార్చి వెళ్లిన మనిషితో “ఇంత చిన్న పనికి ఇంత డబ్బా?” అని బేరమాడే మనమే, పెద్ద వస్తువు మార్చినవానికి మారు మాట్లాడక చెల్లిస్తాము. అంతేకాదు, మూడవ అంతస్తు సజ్జ మీద తాడు లేకుండా నిలబడి ఒక చేత గోడను, మరొక చేత పానాను పట్టుకొని పని చేసే ఆ షాగిర్దులు మన విద్యార్థుల వయస్సు వారే. వారిలో కొందరు మన విద్యార్థుల అన్నదమ్ములే కావచ్చును. ఇక్కడ ఉస్తాదు దగ్గర నేర్చిన ఈ విద్యతోనే గల్ఫు దేశాలకు వెళ్లి కుటుంబాలను నిలబెట్టినవారు మన మధ్య ఉన్నారు. వారి చేతిలో విద్య ఉన్నది, దాని వెనుక ఉన్న కారణం వారికి ఎవరూ చెప్పలేదు. మన విద్యార్థుల నోట కారణం ఉన్నది, చేతిలో ఏమీ లేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల, పాత సాధారణ రకం ఎయిర్ కండిషనర్ బయటి పెట్టెను ఉంచవలెను. కంప్రెసర్ గాని గ్యాస్ గాని అవసరం లేదు. పంకా, మోటారు, కెపాసిటర్, చట్రం ఉంటే చాలును. గుజిరీ దుకాణాలలో ఇట్టివి దొరుకుతాయి. కెపాసిటర్‌ను కూడా కొలవగల ఒక మీటరు, విద్యుదాఘాతం నుండి రక్షించే స్విచ్చి, ఒక బల్ల ఉండవలెను. నెలకు రెండు పర్యాయాలు పేటలోని అనుభవజ్ఞుడైన ఉస్తాదును పిలిపించి, అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే గౌరవ వేతనమే అతనికీ ఇవ్వవలెను. అతడు కుర్చీలో కూర్చోవలెను, గుమ్మం దగ్గర నిలబడరాదు.

ఇది ఐ.టి.ఐ.లలో రెండేండ్లు నేర్పే వృత్తి గదా, డిగ్రీ కళాశాలకెందుకని కొందరు అనవచ్చును. మనం మెకానిక్కులను తయారు చేయబోవడం లేదు. దశాభేదం అన్న మాటకు అర్థం చూపబోతున్నాము. సిలబసులో లేదని మరికొందరు అంటారు. కెపాసిటర్ ఉన్నది, ఏకాంతర విద్యుత్తు ఉన్నది, కాలస్థిరాంకం ఉన్నది. లేనిది పంకా మాత్రమే. ఆడపిల్లలకు ఇది ఎందుకని అడిగేవారూ ఉంటారు. మెకానిక్ వచ్చే వేళకు ఇంట్లో ఉండి, అతడు చెప్పినది విని, డబ్బు చెల్లించేది ఎక్కువ ఇళ్లలో స్త్రీలే. వారికి కాక ఈ తర్కం ఎవరికి ముందు నేర్పవలెను?

ప్రయోగం ఈ విధంగా ఉండవచ్చును. అధ్యాపకుడు విద్యార్థులు రాకముందే పెట్టెలో ఒక లోపం పెడతాడు. ఒక వారం బలహీనపడిన కెపాసిటర్, ఒక వారం ఊడిన తీగ, ఒక వారం బిగుసుకొన్న బేరింగు, మరొక వారం అసలు ఏ లోపమూ ఉండదు. విద్యార్థి ముందు చూచి, విని, ఆపి, కొలిచి, ఏది ఎందుకు కాదో, ఏది ఎందుకు అవునో ఒక పుటలో వ్రాయవలెను. ఆ పుట ఆంగ్లంలో వద్దు. తెలుగులోనో ఉర్దూలోనో, ఇంట్లో అమ్మ చదివి అర్థం చేసుకొనగలిగేటట్లు ఉండవలెను. వాటిలో మంచివి ఏరి వచ్చే సంవత్సరం ఈ సంచికలోనే రెండు విభాగాలలోనూ అచ్చు వేయవచ్చును.